చిన్న టౌన్లకు మళ్లీ కళ రావాలంటే ముందు టూరిస్టులా, ముందు ఉన్నవాళ్లా?

చెరువుగట్టు అడిగారు:

కాస్త పొడుగు ప్రశ్న, ఓపిగ్గా చదవండి.

ఐదారు వేల జనం ఉండే చిన్న టౌన్ ఊహించుకోండి, చుట్టూ కొన్ని పల్లెలు. ఒకప్పుడు ఆ పల్లెలన్నిటికీ సంత అక్కడే, హైస్కూలు అక్కడే, డాక్టరూ అక్కడే, సినిమా హాలూ అక్కడే. తర్వాత రోడ్డు వెడల్పవుతుంది. రోడ్డొస్తే ఊరు బాగుపడుతుందని అందరూ అనుకుంటారు గానీ, జనం ఆ రోడ్డు మీదే ముప్పావుగంటలో సిటీకెళ్లి అన్నీ అక్కడే కొనుక్కుని వస్తారు, ఇక్కడ మెయిన్ రోడ్డు మీద షట్టర్లు ఒక్కొక్కటిగా దిగిపోతాయి. చదువుకున్న పిల్లలు వెళ్లిపోతారు, పెద్దవాళ్లు మిగులుతారు. జపాన్ అయినా ఇటలీ అయినా మన దేశం అయినా కథ పెద్దగా మారదు.

ఇలాంటి ఊరిని నిలబెడదామని ఎవరు మీటింగ్ పెట్టినా మొదటి అరగంటలో వచ్చే ఐడియాలు కూడా మారవు. ఉత్సవం పెడదాం, గోడల మీద బొమ్మలు వేయిద్దాం, ఊరి పేరు పెద్ద అక్షరాల్లో నిలబెట్టి సెల్ఫీ పాయింట్ చేద్దాం. టూరిస్టులొస్తారు, వాళ్లతో డబ్బొస్తుంది, డబ్బొస్తే వెళ్లిపోయినవాళ్లు తిరిగొస్తారు. నా అనుమానమంతా ఈ వరస మీదే. కిరాణా, బడి, బస్సు, సాయంత్రం నలుగురు కూర్చునే చోటు, ఇలా ఉన్నవాళ్లకు రోజూ కావలసినవి ముందు చూడాలా, బయటివాళ్లను రప్పించే ఆకర్షణ ముందు చూడాలా? రెండూ కావాలి అని దయచేసి చెప్పకండి, అది నాకూ తెలుసు. డబ్బు, ఓపిక ఒక్కదానికే సరిపడా ఉన్నప్పుడు ఏది ముందు అనేదే ప్రశ్న.

ఎవరిని కదిలించినా వేల్స్‌లోని హే-ఆన్-వై పేరు చెబుతారు, పుస్తకాల షాపులతో బాగుపడిన ఊరని. అలాంటివే ఇంకేమైనా ఉంటే చెప్పండి, చెడిపోయినవి కూడా చెప్పండి. చెడిపోయినవాటి గురించి ఎవరూ రాయరు, అదే పెద్ద ఇబ్బంది.

పాతబస్టాండ్:

హే కథ ఎప్పుడూ సగమే చెబుతుంటారు. రిచర్డ్ బూత్ 1960ల మొదట్లో అక్కడి పాత ఫైర్ స్టేషన్ బిల్డింగ్‌లో సెకండ్ హ్యాండ్ పుస్తకాల షాపు తెరిచాడు. 1962 చివరికల్లా ఆ ఊరికి రైలు కూడా ఆగిపోయింది. ఖాళీ బిల్డింగులు ఒక్కొక్కటే పుస్తకాలతో నిండాయి, చివరికి సినిమా హాలు కూడా పుస్తకాల షాపే అయింది. 1977 ఏప్రిల్ 1న ఆయన ఆ ఊరికి తానే రాజునని ప్రకటించుకున్నాడు, తేదీ చూశారుగా, పేపర్లకు అంతకంటే ఏం కావాలి. ఇప్పుడు అందరూ చెప్పుకునే ఆ పెద్ద సాహిత్య ఉత్సవం మొదలైంది మాత్రం 1988లో. అంటే మొదటి షాపుకీ పండగకీ మధ్య పాతికేళ్లకు పైనే ఉంది. ఆ పాతికేళ్లూ వాన పడ్డా మనిషి రాకపోయినా రోజూ తలుపులు తీసి కూర్చున్నవాళ్లున్నారు. మీరు చెప్పిన మీటింగుల వాళ్లు 1988ని చూసి మొదలుపెడతారు, ముందున్నదంతా వదిలేస్తారు.

చెడిపోయింది కావాలన్నారు కదా, జపాన్‌లో హొక్కైడో దీవి మీది యూబరి గురించి చదవండి. బొగ్గు గనుల ఊరు. 1960లో లక్ష దాటిన జనాభా. దేశం బొగ్గు నుంచి ఆయిల్‌కి మారాక గనులు ఒక్కొక్కటే మూసుకుంటూ వచ్చారు, 1981లో ఒక గనిలో ప్రమాదం జరిగి 93 మంది పోయారు, 1990లో చివరి గని కూడా మూతపడింది. అప్పుడు మునిసిపాలిటీ ఏం చేసిందంటే, బొగ్గు పోయింది కాబట్టి టూరిజం అంది. బొగ్గు మ్యూజియం, దాని చుట్టూ అమ్యూజ్‌మెంట్ పార్కు, స్కీ రిసార్టు, హోటళ్లు, ఫిల్మ్ ఫెస్టివల్. అన్నీ అప్పు మీదే. జనం మొదట్లో వచ్చారు, తర్వాత రాలేదు, అప్పు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఏటా లెక్కల్లో సర్దుతూ దాస్తూ వచ్చి, చివరికి 2006లో ఇక మా వల్ల కాదని చేతులెత్తేశారు. తీర్చాల్సింది 3,500 కోట్ల యెన్‌లకు పైగా.

ఆ తర్వాత జరిగింది చూడండి. మునిసిపల్ లైబ్రరీ మూసేశారు. ఆస్పత్రిని చిన్న క్లినిక్‌గా కుదించారు. బళ్లన్నీ కలిపేసి ఒక్క ప్రైమరీ, ఒక్క మిడిల్ స్కూలు మిగిల్చారు. పన్నులు పెంచారు, ఉద్యోగుల జీతాలు కోశారు. టూరిస్టుల కోసం చేసిన అప్పుని ఊళ్లో పిల్లల బడి, ముసలివాళ్ల మందులు అమ్మి తీర్చినట్టు అయింది. మీరు అడిగిన "ఏది ముందు"కి ఇంతకంటే తిన్నని జవాబు నా దగ్గర లేదు.

అరుణరేఖ:

పాతబస్టాండ్ గారూ, యూబరి ఉదాహరణ నిజమే గానీ దాన్ని చూపించి బయటి డబ్బే వద్దనేస్తే ఎలా? ఊళ్లో ఉన్నవాళ్లు ఒకరి దగ్గర ఒకరు కొనుక్కుంటూ ఉంటే ఎంతకాలం నడుస్తుంది? బయటి నుంచి ఏదో ఒకటి రావాలి. మనుషులే రానక్కర్లేదు, ఆర్డర్లు వచ్చినా చాలు. తేడా అక్కడుంది.

జపాన్‌లోనే షికోకు దీవిలో కమికత్సు అని ఉంది. కొండల మధ్య, పదిహేను వందల లోపు జనం, వాళ్లలో సగం మందికి పైగా వృద్ధులు. వాళ్లకు ఒకప్పుడు నారింజ జాతి తోటలే ఆధారం. 1981లో విపరీతమైన చలి వచ్చి ఆ చెట్లు చచ్చిపోయాయి. అక్కడి వ్యవసాయ సహకార సంఘంలో సలహాదారుగా పనిచేసే తొమోజి యొకొయిషి అనే కుర్రాడికి ఆకులు అమ్ముదామన్న ఆలోచన వచ్చింది. జపనీస్ హోటళ్లలో ప్లేటు మీద అలంకారంగా ఒక ఎర్రటి మేపుల్ ఆకో చిన్న పూలరెమ్మో పెడతారు కదా, అవి. చెబితే ఊరివాళ్లు నవ్వారు, ఆకులకు డబ్బులెవరిస్తారని. 1986లో నాలుగు ఇళ్లతో మొదలైంది. ఇప్పుడు మూడు వందలకు పైగా రకాలు అమ్ముతారు.

నాకు నచ్చేది అది నడిచే తీరు. డెబ్బై, ఎనభై ఏళ్ల ముసలమ్మలు పొద్దున్నే టాబ్లెట్ పట్టుకుని కూర్చుంటారు. ఏ ఆకు ఎన్ని ప్యాకెట్లు కావాలో సంఘం నుంచి ఆర్డరు వస్తుంది, ముందు నొక్కినవాళ్లకే ఆ ఆర్డరు. వెంటనే పెరట్లోకి పరుగు. ఆకులన్నీ ఒకే సైజులో ఉండాలి, పురుగు మచ్చ ఉండకూడదు, చిన్న ట్రేలో వరసగా సర్ది ప్యాక్ చేసి మధ్యాహ్నంలోపు అప్పజెప్పాలి. అమ్మకాల్లో తనది ఎన్నో స్థానమో ఎవరిది వాళ్లకు స్క్రీన్ మీద కనిపిస్తుంది. పక్కింటావిడ కంటే ముందుండాలన్న పంతం ఎనభై ఏళ్లకి కూడా తగ్గదు మరి. ఆకులు తేలిక, ముసలి చేతులు మోయగలవు, పని నీడపట్టున. ఊళ్లో ఉన్న మనుషుల వయసు చూసి, ఆ వయసుకి సరిపోయే పని వెతికారు. కుర్రాళ్లు వస్తే అప్పుడు చూద్దాం అని ఆగలేదు.

చెత్త కాల్చే పద్ధతి కూడా ఆపి, 2003లో చెత్తే లేని ఊరవుతామని ప్రకటించారు. జనం తమ చెత్త తామే తెచ్చుకుని నలభైకి పైగా రకాలుగా వేరు చేస్తారు. దాన్ని చూడటానికి ఇప్పుడు ప్రపంచమంతా వస్తోంది. టూరిస్టులు వచ్చారు కదా అంటారేమో, వచ్చారు, కానీ వాళ్ల కోసం కట్టిందేమీ కాదది.

సర్కారుతుమ్మ:

అరుణరేఖ గారూ, కమికత్సు గురించి ఎవరు రాసినా ఇక్కడే ఆపేస్తారు. 1950ల్లో ఆ ఊళ్లో ఆరు వేలకు పైగా జనం ఉండేవారు. ఆకుల వ్యాపారం హిట్టయ్యాక కూడా జనాభా తగ్గుతూనే ఉంది. ముసలమ్మలకు మంచి ఆదాయం, మంచి ఆరోగ్యం, అన్నీ ఒప్పుకుంటా, దండం పెడతా. కానీ ఇరవై ఐదేళ్ల జంట ఒక ఊళ్లో కాపురం పెట్టాలా వద్దా అని ఆలోచించేటప్పుడు అక్కడ ఆకులు అమ్ముడవుతున్నాయా అని అడగరు. పిల్లలకి బడి ఉందా అని అడుగుతారు. ఈ చర్చలో బడి గురించి ఇంతవరకు సరిగ్గా ఎవరూ మాట్లాడలేదు, యూబరిలో మూసేశారన్న మాట తప్ప.

జపాన్‌లోనే ఓకి దీవుల్లో అమా అనే టౌన్ ఉంది, షిమనె రాష్ట్రం. జనాభా రెండు వేల పైచిలుకు. ప్రధాన భూభాగం నుంచి ఓడలో గంటల ప్రయాణం. అక్కడ మూడు చిన్న దీవులకు కలిపి ఉన్నది ఒక్కటే హైస్కూలు. 2000ల చివర్లో పిల్లలు తగ్గిపోయి దాన్ని మూసేసే పరిస్థితి వచ్చింది. మూసేస్తే ఏమవుతుందో లెక్క వేసుకోండి. పదిహేనేళ్ల పిల్లాడిని ఓడెక్కించి హాస్టల్లో పెట్టి చదివించాలి. ఒక పిల్లాడంటే ఎలాగో భరిస్తారు, ఇద్దరు ముగ్గురుంటే అమ్మానాన్నలు కూడా సామాను సర్దుకుని వాళ్ల వెనకే పోతారు. పోయేది ఇరవై ముప్పై మంది విద్యార్థులే అని కాగితం మీద కనిపిస్తుంది, నిజానికి పోయేది ఇరవై ముప్పై కుటుంబాలు. వాళ్లతోపాటు జాలరి పోతాడు, నర్సు పోతుంది, పంచాయతీ గుమాస్తా పోతాడు.

వాళ్లు ఏం చేశారంటే, బడి మా సమస్య కాదు ప్రభుత్వానిది అని ఊరుకోలేదు. దేశంలో మిగతా చోట్ల పిల్లల్ని మా దీవికి వచ్చి చదువుకోండి అని పిలిచారు. ఊరే డబ్బు పెట్టి సాయంత్రాలు ట్యూషన్ సెంటర్ పెట్టింది. పాఠాల్లో భాగంగా పిల్లలు ఊరి సమస్యల మీదే ప్రాజెక్టులు చేస్తారు, చేపల వేటలో ఏం జరుగుతోంది, ఓడ టైమింగులు ఎలా ఉన్నాయి, ఇలాంటివి. కొన్నేళ్లలో విద్యార్థుల సంఖ్య దాదాపు రెట్టింపైంది. దీనికంతటికీ ముందు ఆ ఊరు కూడా అప్పుల్లోనే ఉండేది, మేయర్ తన జీతం సగానికి తగ్గించుకున్నాడు, ఉద్యోగులూ తగ్గించుకుంటామన్నారు. అలా మిగిలిన డబ్బుని పిల్లలున్న కుటుంబాల మీద, కొత్త పనుల మీద పెట్టారు. యూబరిలోనూ జీతాలు కోశారు, ఇక్కడా కోసుకున్నారు. ఒకచోట అప్పు కోసం, ఒకచోట పిల్లల కోసం.

కాబట్టి నా ఓటు బడికి. బడి ఉంటే మిగతావాటికి టైం దొరుకుతుంది. బడి పోతే ఇక ఎన్ని బొమ్మలు వేయించినా బూడిదలో పోసిన పన్నీరే.

చెరువుగట్టు:

చాలా థాంక్స్ అందరికీ, ఇంత వివరంగా వస్తుందనుకోలేదు. ఇంకో అనుమానం. బడిని నిలబెట్టాలన్నా బయటి నుంచి మనుషులు రావాలి కదా. ఇటలీలో ఒక్క యూరోకే ఇల్లు అని వార్తలొస్తుంటాయి, అవి ఎంతవరకు నిజం? అలా ఎవరొచ్చినా సరేనా, లేక ఎవరు రావాలో ఊరే ఎంచుకోవచ్చా?

పాతబస్టాండ్:

ఒక్క యూరో నిజమే, అది వేలం మొదలయ్యే ధర. సిసిలీలో సాంబూకా అనే ఊరు 2019లో ఇలా ఇళ్లు అమ్మకానికి పెట్టినప్పుడు ప్రపంచమంతా మెయిల్స్ వెల్లువెత్తాయి. షరతులుంటాయి, మూడేళ్లలో రిపేరు పూర్తి చేయాలి, ఐదు వేల యూరోలు డిపాజిట్ కట్టాలి, చేయకపోతే అది పోతుంది. పైకప్పు కూలిన ఇళ్లు అవి, రిపేరుకయ్యే ఖర్చు ముందు ఆ యూరో ఏ మూలకీ రాదు. కూలిపోయే ఇళ్లు నిలబడతాయి, మేస్త్రీలకు పని దొరుకుతుంది, అంతవరకు మంచిదే. కానీ కొనేవాళ్లలో సెలవులకొచ్చి తాళం వేసుకుపోయేవాళ్లే ఎక్కువైతే జనవరి రాత్రి వీధిలో దీపం వెలగదు, బళ్లో ఒక్క పిల్లాడూ పెరగడు.

ఎంచుకోవడం గురించైతే కమియమా చూడండి. అదీ షికోకులోనే. 1999 నుంచి ఏటా ఆర్టిస్టుల్ని పిలిచి కొన్నాళ్లు ఉండనిచ్చేవారు, గొప్ప గ్యాలరీ ఏమీ కట్టకుండానే. తర్వాత ఖాళీ ఇళ్లకు మనుషుల్ని తెచ్చేటప్పుడు, ఎవరైనా రండి అనకుండా, మా ఊరికి ఒక బేకరీవాడు కావాలి, ఒక వెబ్ డిజైనర్ కావాలి, ఈ ఇల్లు అలాంటివాళ్లకే ఇస్తాం అని ప్రకటించారు. ఉద్యోగం లేని ఊరికి ఉద్యోగం వెంటబెట్టుకుని వచ్చేవాళ్లను పిలిచారన్నమాట. అప్పటికే ఊరంతా ఫైబర్ కేబుల్ వేసి ఉంది, 2010 నుంచి టోక్యో ఐటీ కంపెనీలు పాత ఇళ్లలో చిన్న ఆఫీసులు పెట్టడం మొదలైంది. 2011లో వెళ్లినవాళ్ల కంటే వచ్చినవాళ్లు ఎక్కువ. 2023లో అక్కడ కొత్తగా టెక్నికల్ కాలేజీ కూడా తెరిచారు.

ఇంకో సంగతి, దీని వెనకున్నవాళ్లు జనాభా తగ్గకుండా ఆపుతామని ఎప్పుడూ చెప్పలేదు. తగ్గుతుంది, ఒప్పుకుందాం, కానీ ఏ వయసువాళ్లు, ఏ పనివాళ్లు ఉండాలో చూసుకుందాం అన్నారు. ఏడాదికి కొన్ని కుటుంబాలు చాలు, బళ్లో ఒక్కో క్లాసుకీ ఇంతమంది ఉండాలి అని వెనక నుంచి లెక్క కట్టారు. మన దగ్గర ఏ నాయకుడైనా స్టేజీ ఎక్కి మన ఊరు చిన్నదవుతుంది, అయినా బాగుంటుంది అని చెప్పగలడా? రాళ్లేస్తారు.

అరుణరేఖ:

సర్కారుతుమ్మ గారూ, కమికత్సు జనాభా మాట ఒప్పుకుంటున్నా. కానీ అన్ని చోట్లా బడే మొదటిది అంటే మాత్రం ఒప్పుకోను. మన దేశంలో చూడండి, మహారాష్ట్రలో హివరే బజార్. అక్కడ మొదట పోయింది నీళ్లు. కరువు ప్రాంతం, చెట్లు కొట్టేశారు, బావులు ఎండాయి, జనం ముంబై, పూణే దారి పట్టారు. 1989లో పోపట్‌రావు పవార్ సర్పంచ్ అయ్యాక కొండ వాలుల మీద కందకాలు తవ్వడం, చెక్ డ్యాములు, చెట్లు, అన్నీ శ్రమదానంతో, ప్రభుత్వ పథకాలతో కలిపి చేశారు. అయితే అలాంటి పనులు చాలా ఊళ్లు చేశాయి. తేడా ఏంటంటే వాళ్లు కట్టుబాట్లు పెట్టుకున్నారు. సాగు కోసం బోర్లు వేయకూడదు. నీళ్లు తాగేసే చెరకు, అరటి వద్దు. కొండ మీదికి పశువుల్ని తోలకూడదు, గొడ్డలి పట్టకూడదు. ఏటా వర్షం ఎంత పడిందో, బావుల్లో మట్టం ఎంతుందో చూసి, ముందు తాగడానికి, తర్వాత పశువులకి, మిగిలింది ఏ పంటకి అని గ్రామసభలో లెక్క తేల్చుకుంటారు. వాన తక్కువైతే పంట తక్కువ, అంతే. వెళ్లిపోయిన కుటుంబాలు తిరిగొచ్చాయంటే ఈ లెక్క కుదిరాకే. ఆయనకి 2020లో పద్మశ్రీ ప్రకటించారు.

అది పల్లె, టౌన్ కాదు అనకండి. చుట్టూ పల్లెల్లో నీళ్లు లేకపోతే మధ్యలో టౌన్‌లో ఎరువుల షాపు, బట్టల షాపు, ట్రాక్టర్ మెకానిక్ ఎవరికి అమ్ముతారు? చెరువుగట్టు గారు మొదట్లో రోడ్డు గురించి రాశారు కదా, రోడ్డు మాత్రమే తప్పు కాదండీ, చుట్టూ చేతిలో డబ్బాడకపోవడం కూడా.

నిద్రలేనివాడు:

రాత్రి ఒంటిగంటకి ఇదంతా చదివా, పేరుకి తగ్గట్టే. అందరూ ఏం చేయాలో చెప్పారు, ఎవరు చేయాలో ఎవరూ చెప్పలేదు. నాకు తెలిసి చాలా ప్రయత్నాలు పోయేది ఐడియా బాగోలేక కాదు. మొదటి ఏడాది పదిమంది ఉత్సాహంగా వస్తారు, రెండో ఏడాదికి ముగ్గురు మిగులుతారు, వాళ్లకీ ఇల్లూ ఉద్యోగం ఉంటాయి, వాట్సాప్ గ్రూపులో గుడ్ మార్నింగ్‌లు మాత్రం నడుస్తుంటాయి. అందరి పని ఎవరి పనీ కాదు.

అమెరికాలో ఇలాంటి చిన్న టౌన్ల మెయిన్ రోడ్లు షాపింగ్ మాల్స్ దెబ్బకి ఖాళీ అవుతున్నప్పుడు, పాత కట్టడాల రక్షణ చూసే నేషనల్ ట్రస్ట్ 1977లో మూడు టౌన్లలో ప్రయోగం మొదలుపెట్టింది. ఇలినాయిలో గేల్స్‌బర్గ్, ఇండియానాలో మాడిసన్, సౌత్ డకోటాలో హాట్ స్ప్రింగ్స్. అది కుదిరాక 1980లో దేశమంతటికీ మెయిన్ స్ట్రీట్ సెంటర్ పెట్టారు. అందులో బిల్డింగుల ముఖాలు బాగుచేయడం, ప్రచారం, వ్యాపారాలు నిలబెట్టడం, సంఘం నడపడం అని నాలుగు భాగాలుంటాయి గానీ, నా దృష్టిలో అసలు కిటుకు ఒక్కటే, ఆ పనికి జీతమిచ్చి ఒక మనిషిని పెట్టడం. ఆ మనిషి రోజూ ఆ వీధిలో నడుస్తాడు. ఏ షాపు లీజు ఎప్పుడు అయిపోతుందో, ఏ ఓనరు రిటైర్ అవ్వాలనుకుంటున్నాడో, ఏ మేడ మీద గది ఖాళీగా ఉందో వాడికి తెలుస్తుంది. పాత టైలర్ షాపు మూయకముందే దాన్ని తీసుకునేవాళ్లను వెతికి పెడతాడు. ఇది వాలంటీర్ల వల్ల అయ్యే పని కాదు.

ఇక కిరాణా సంగతి. బ్రిటన్‌లో పల్లెల్లో చివరి షాపు మూతపడుతుంటే ఊరివాళ్లే షేర్లు కొని నడుపుతారు, ఇలాంటివి వందల కొద్దీ ఉన్నాయి. వీళ్లకి సాయం చేసే ప్లంకెట్ అనే సంస్థ 1919 నుంచి ఉంది. ఎక్కువ షేర్లు కొన్నా తక్కువ కొన్నా సభ్యుడికి ఒక్కటే ఓటు, కాబట్టి ఊళ్లో మోతుబరి ఒక్కడే లాగేసుకోలేడు. కౌంటర్లో వాలంటీర్లు కూర్చుంటారు, సరుకు, లెక్కలు చూసే మేనేజర్‌కి మాత్రం చాలాచోట్ల జీతం ఉంటుంది. అదే షాపులో ఒక మూల పోస్టాఫీసు కౌంటర్, పార్సిళ్లు తీసుకునే చోటు, రెండు బల్లలు, టీ మిషను. సరుకు మీద లాభం తక్కువే, కానీ ముసలివాళ్లు రోజూ వచ్చి కూర్చుంటారు, ఒకరోజు రాకపోతే ఏమైందని ఎవరో వెళ్లి చూస్తారు. చెరువుగట్టు గారు అడిగిన కిరాణా, నలుగురు కూర్చునే చోటు, రెండూ ఒకే అద్దెలో అయిపోతాయి.

మన తెలుగునాట వరంగల్ దగ్గర గంగదేవిపల్లి కూడా ఇలాంటి పనే ఇంకో దారిలో చేసింది, ఒక్కో పనికి ఒక్కో కమిటీ. మంచినీళ్లకొకటి, చదువుకొకటి, ఆరోగ్యానికొకటి. నీళ్ల పంపు చెడితే ఎవరిని నిలదీయాలో ఊరందరికీ తెలుసు.

సర్కారుతుమ్మ:

జీతం మనిషి పాయింట్ బాగుంది. అమాలో కూడా బయటి నుంచి వచ్చిన కుర్రాళ్లు బడి పనిలోకి దిగి అక్కడే ఏళ్ల తరబడి ఉండిపోయారు, అది నేను రాయడం మర్చిపోయా. కానీ ఆ జీతం ఎవరిస్తారు? ప్రభుత్వం ఇస్తే ఎలక్షన్ తర్వాత ఆపేస్తుంది, ఊరు ఇవ్వాలంటే ఊరి దగ్గర ఉండదు.

చెరువుగట్టు:

అదే నా సందేహం కూడా. నిద్రలేనివాడు గారూ, షాపు అయినా జీతం మనిషి అయినా, మొదటి అడుగు ఎక్కడ వేయాలో చెప్పండి. ఏ పథకమూ రాలేదు, చేతిలో పైసా లేదు, పదిమంది మనుషులున్నారు అనుకుని చెప్పండి.

నిద్రలేనివాడు:

పదిమంది ఉంటే ఎక్కువే. ముందు మీటింగ్ పెట్టకండి. ఆ పదిమందీ వీధులు పంచుకుని ఇంటింటికీ వెళ్లి, ఊరికి ఏం కావాలి అని కాకుండా, పోయిన నెల మీరు సిటీకి ఎందుకెందుకు వెళ్లారు అని అడగండి. ఏం కావాలి అంటే స్టేడియం అంటారు, ఎందుకు వెళ్లారు అంటే నిజం చెబుతారు. రక్త పరీక్షకి, జిరాక్స్‌కి, కళ్లజోడుకి, పిల్లాడి కోచింగ్‌కి, మిక్సీ రిపేరుకి. నోట్‌బుక్‌లో ఇల్లు, కారణం, ఎన్నిసార్లు, అంతే రాసుకోండి. మళ్లీ మళ్లీ వచ్చే రెండు మూడు కారణాలు ఉంటాయి, మీరు నడపాల్సిన షాపు అదే. అది కిరాణాయే కావాలని లేదు. వారానికి రెండు రోజులు వచ్చే ల్యాబ్ టెక్నీషియన్‌కి ఒక గది చూపించడం కూడా కావచ్చు.

జీతం సంగతి, మొదటే పూర్తి జీతం గురించి ఆలోచించకండి. సగం రోజు మనిషితో మొదలుపెట్టండి, రెండేళ్లకి సరిపడా ముందే పోగు చేయండి, నెలనెలా వసూలు చేద్దాం అనుకుంటే మూడో నెల నుంచి తలుపులు తీయరు. వసూలు చేసేటప్పుడు ఊరు వదిలి వెళ్లినవాళ్లను కూడా అడగండి, వాళ్లు ఉత్సవానికైతే వెంటనే ఇస్తారు, జీతానికి అంటే నసుగుతారు, అయినా అడగండి. ఆ మనిషి కూడా ఊళ్లో ఏదో ఒక వర్గం మనిషై ఉండకుండా చూసుకోండి, లేకపోతే సగం ఊరు ఆ గడప తొక్కదు.

ఇంకొకటి. గది అద్దెకు తీసుకునే ముందు షేర్ల డబ్బు బ్యాంకులో పడి ఉండాలి. ఇస్తామన్నవాళ్ల పేర్ల లిస్టు చూసుకుని అగ్రిమెంట్ మీద సంతకం పెట్టొద్దు, అందులో సగం పేర్లు సంతకం అయిన మర్నాడు ఫోన్ ఎత్తవు.